ఎఫ్ఐఆర్ కట్టని కేసు

మాది కోడూరు వైపు. మంగంపేట అంటే అందరికీ ముగ్గురాయి గనులు గుర్తొస్తాయి. నాకు మాత్రం 2024 డిసెంబరు నుంచి ఒక వీడియో గుర్తొస్తోంది. కువైట్‌లో పనిచేసుకునే ఒకాయన ఊరికొచ్చి, బంధువుని చంపి, మళ్ళీ కువైట్ వెళ్ళిపోయి, ఆ పని చేసింది తానేనని వీడియో పెట్టాడు. తమ ఇంటి బిడ్డతో అతను తప్పుగా ప్రవర్తించాడనీ, పోలీసులకి చెబితే మందలించి వదిలేశారనీ ఆయన ఆరోపణ.

ఆఫీసులో లంచ్ టైములో అందరం చూశాం. "కరెక్టే చేశాడు" అన్నారు మావాళ్ళు. నేనూ తలూపాను. రాత్రి ఫోన్లో అమ్మ మాత్రం ఒకటే అడిగింది: "ఇప్పుడు ఆయప్ప పెండ్లాం బిడ్డల గతేమి నాయనా?"

నా దగ్గర జవాబు లేదు. కూర్చుని చట్టం చదవడం మొదలుపెట్టాను.

ఆరోపణ నిజమే అనుకుందాం. మందలించి పంపడం అనే మెట్టు చట్టంలో ఎక్కడా లేదు. పిల్లల మీద లైంగిక నేరం గురించి సమాచారం వస్తే పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం రాసుకుని తీరాలి, 24 గంటల్లో బాలల సంక్షేమ కమిటీకీ ప్రత్యేక కోర్టుకీ తెలపాలి. కాగ్నిజబుల్ నేరమైతే ఎఫ్ఐఆర్ కట్టాల్సిందేనని సుప్రీంకోర్టు 2013లోనే లలితా కుమారి కేసులో చెప్పింది. స్టేషన్లో కాదంటే ఎస్పీకి పోస్టులో పంపొచ్చు, అక్కడా కాకపోతే మేజిస్ట్రేటు దగ్గరికి పోవచ్చు. 2024 జులై 1న వచ్చిన బీఎన్ఎస్ఎస్ ప్రకారమైతే ఫిర్యాదు ఏ స్టేషన్లోనైనా ఇవ్వొచ్చు, ఆన్‌లైన్లో పంపి మూడు రోజుల్లో సంతకం పెట్టొచ్చు.

ఆ తర్వాత దర్యాప్తు. అరెస్టు చేస్తే 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలి. నేరాన్నిబట్టి 60 లేక 90 రోజుల్లో ఛార్జిషీటు వెయ్యకపోతే, లోపలున్నవాడికి బెయిలు అడిగే హక్కు వస్తుంది. ఛార్జిషీటు చూసి కోర్టు కేసుని స్వీకరిస్తుంది. ఆధారాల్లేకపోతే నిందితుణ్ణి వదిలేస్తుంది, ఉంటే అభియోగాలు మోపుతుంది. విచారణ మొదలయ్యేది అక్కడినుంచే.

ఇదంతా నత్తనడకే, కాదనను. కానీ ఒక్కో మెట్టు మీదా ఇంకో మనిషి కాగితాలు చూస్తాడు. మన భాషలో చెప్పాలంటే రివ్యూ. చనిపోయిన మనిషి తప్పు చేశాడో లేదో ఇప్పుడు ఏ కోర్టూ తేల్చదు. చంపినాయన మాత్రం అవే మెట్లు ఎక్కాలి, నిందితుడిగా.

అన్నట్టు, నా సంగతీ చెప్పాలి. ఒకసారి నా బైకు పోతే స్టేషన్లో "నాలుగు రోజులు వెతుక్కోండి, దొరక్కపోతే చూద్దాం" అన్నారు. సరే సార్ అని వచ్చేశాను. ఆఫీసులో టికెట్ లేనిదే ఒక్క లైను కోడ్ మార్చని నేను, అక్కడ ఎఫ్ఐఆర్ కాపీ అడగలేకపోయాను. అది ఉచితంగా ఇవ్వాలని అప్పుడు తెలీదు కూడా.

నాకే నోరు లేవకపోతే, పొట్టచేతబట్టుకుని గల్ఫ్‌కి పోయినవాళ్ళ ఇళ్ళల్లో ఆడవాళ్ళు ఏం అడగ్గలరు? ఈసారి ఊరినుంచి ఎవరైనా ఫోన్ చేసి "పోలీసులు రాజీ పడమంటున్నారు" అంటే ఏం చెప్పాలో రాసిపెట్టుకున్నాను. వీడియో ఫార్వర్డ్ చెయ్యడంకంటే అదే మేలనిపించింది. మీరేమంటారు?