మదురైలో మనవడు అడిగిన ప్రశ్న

2023 జూన్‌లో మా అమ్మాయి ఇంటికి అమెరికా వెళ్ళాము. వాళ్ళుండేది టెక్సస్ రాష్ట్రంలో, డాలస్ పక్కన ప్లేనో అనే ఊళ్ళో. వెళ్ళిన నాలుగో రోజు పెట్రోలు బంకును ఆనుకున్న చిన్న కొట్టుకు పాల కోసం పోయాము. వరుసలో మా ముందు ఒక పెద్దమనిషి. చేతిలో పాలడబ్బా, కోడిగుడ్ల అట్టపెట్టె. నడుముకు బెల్టు, బెల్టుకు తోలు ఒర, అందులో పిస్తోలు. మా ఆవిడ నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆయన చిల్లర తీసుకుని, మమ్మల్ని చూసి చిన్నగా నవ్వి వెళ్ళిపోయాడు. కొట్లో ఇంకెవరూ తల తిప్పి కూడా చూడలేదు.

ఇంటికి వచ్చాక అమ్మాయి నవ్వింది. "నాయనా, మొదట్లో మేమూ అట్లే బెదిరిపోయినాం. ఇప్పుడు అలవాటైపోయింది" అంది. అక్కడ 2016 జనవరి 1 నుంచి లైసెన్సు ఉన్నవాళ్ళు పైకి కనబడేటట్టు పిస్తోలు పెట్టుకుని తిరగవచ్చునట. 2021 సెప్టెంబరు 1 నుంచి, చట్టం అడ్డుపెట్టినవాళ్ళు తప్ప, 21 ఏళ్ళు నిండినవాళ్ళకు ఆ లైసెన్సు కూడా అక్కరలేదు. కొట్టు యజమానికి ఇష్టం లేకపోతే గుమ్మంలో బోర్డు పెట్టుకోవాలి. ఆ బోర్డు మీద అక్షరాలు అంగుళం ఎత్తుండాలి, ఇంగ్లీషులోనూ స్పానిష్‌లోనూ ఉండాలి. బ్యాంకు నోటీసులు అతికించి అతికించి అలవాటైన నాకు ఈ అంగుళం లెక్క బాగా గుర్తుండిపోయింది.

ఆ వారం అమ్మాయి ఆఫీసువాళ్ళు కొందరు భోజనానికి వచ్చారు. అందరూ పరదేశీయులే. ఒక జపాన్ అమ్మాయి, అట్లాంటి మనిషి కనబడితే సరుకులు అక్కడే వదిలేసి బయటికి వచ్చేస్తానంది. స్విట్జర్లాండ్ ఆయన సంగతి వేరు. వాళ్ళ దేశంలో సైనిక శిక్షణకు పోయే కుర్రాళ్ళు భుజాన రైఫిల్‌తో రైలెక్కుతారు, పక్కన కూర్చున్నవాళ్ళు పేపరు చదువుకుంటూ ఉంటారు. "అది ప్రభుత్వం పనిమీద పోయే తుపాకి. పాలు కొనడానికి వచ్చిన తుపాకి ఏ పనిమీద వచ్చిందో నాకు తెలియదు" అన్నాడు. నా మనసులోని మాటా అదే. ముప్ఫై ఏళ్ళకు పైబడిన ఉద్యోగంలో నేను దగ్గరగా చూసిన తుపాకి మా బ్రాంచి గార్డుది ఒక్కటే. దానికొక లైసెన్సు, తూటాలకొక రిజిస్టరు. అది కాపలా కాసేదేమిటో అందరికీ తెలుసు.

అయితే ఆ రాత్రి అల్లుడుగారు చెప్పిన మాటతో నాకు నిద్ర పట్టలేదు. "మామా, నేనూ ఒకటి కొనాలనుకుంటున్నాను" అన్నారు. ఆయనను తప్పు పట్టలేకపోయాను. 2017 ఫిబ్రవరి 22న కాన్సస్‌లోని ఒలేతాలో మన తెలుగు ఇంజనీరు శ్రీనివాస్ కూచిభొట్లను ఒక దుండగుడు కాల్చి చంపాడు. మేము వెళ్ళడానికి నెల ముందు, 2023 మే 6న, వాళ్ళింటికి దగ్గరలోనే ఉన్న అలెన్ ఊళ్ళో అంగళ్ళ సముదాయంలో ఒకడు ఎనిమిదిమందిని చంపాడు. అందులోనూ ఒక తెలుగు ఆడపిల్ల ఉంది. "పోలీసు వచ్చేదాకా పిల్లవాణ్ణి ఎవరు చూసుకుంటారు?" అన్నారు అల్లుడుగారు. "ఇంట్లో అది ఉంటే పిల్లవాణ్ణి దాన్నుంచి ఎవరు చూసుకుంటారు?" అంది మా అమ్మాయి. నేను ఏ పక్కా మాట్లాడలేదు.

మరుసటి ఏడాది డిసెంబరులో వాళ్ళు కోయంబత్తూరు వచ్చారు. మనవడికి ఏడేళ్ళు. ఒకనాడు వాణ్ణి మా బ్రాంచికి తీసుకుపోయాను. గార్డు పాత మిలిటరీ మనిషి. ఆయన రెండు గొట్టాల తుపాకిని వాడు దూరం నుంచే చూశాడు. దాని కర్రమీద ఆయుధపూజకు పెట్టిన చందనం మరక ఇంకా మిగిలి ఉంది. "తుపాకికి బొట్టు ఎందుకు?" అని అడిగాడు. మా బ్యాంకులో ఆ రోజు లెక్కల పుస్తకాలకు, కంప్యూటర్లకు, నోట్లు లెక్కపెట్టే యంత్రానికి, తుపాకికి అన్నిటికీ బొట్టు పెడతామని చెప్పాను. ఊళ్ళోని మనవాళ్ళ మిల్లుల్లో, పట్టరల్లో అయితే లేతులకు, మోటార్లకు పెడతారు. వాడికి ఆ మాట నచ్చింది.

రెండు రోజుల తరువాత అందరమూ మదురై వెళ్ళాము. మీనాక్షమ్మ గుడి చుట్టూ పోలీసు కాపలా. ఫోన్లు లోపలికి తీసుకుపోనివ్వరు. వాటిని అప్పగించి తూర్పు గోపురం వైపు నడుస్తుంటే, పెద్ద తుపాకి పట్టుకున్న పోలీసు ఎదురయ్యాడు. మనవడు నా చెయ్యి పట్టుకుని నిలిచిపోయాడు. ఏడవలేదు. చుట్టూ చూసి, చాలా మామూలుగా, "తాతా, ఇక్కడ ఎక్కడ దాక్కోవాల?" అన్నాడు.

వాళ్ళ బడిలో దానికి అభ్యాసం చేయిస్తారట. తలుపు గడియ వేసి, దీపాలు ఆర్పి, గోడవారగా చప్పుడు చెయ్యకుండా కూర్చోవాలి. మనం చిన్నప్పుడు ఎక్కాలు నేర్చుకున్నట్టు వాడు అది నేర్చుకున్నాడు. పాలకొట్లో పిస్తోలుకు బెదరని పిల్లవాడు ఇక్కడ దాక్కునే చోటు వెతికాడు. వాడి లెక్కలో నడుముకున్నది మామూలు, చేతిలో ఉన్నది ప్రమాదం. మా అమ్మాయి ముఖం చూశాను. 1998 ఫిబ్రవరి 14న కోయంబత్తూరులో బాంబులు పేలి 58 మంది పోయినప్పుడు దానికి ఐదేళ్ళు. ఆ తరువాత వీధుల్లో నిలబడ్డ సిపాయిలను చూసి అదీ నా చొక్కా పట్టుకుని నడిచింది. కానీ అది అడిగిన ప్రశ్న, "వీళ్ళు ఎప్పుడు పోతారు నాయనా?" అని. కొన్నాళ్ళకు వాళ్ళు వెళ్ళిపోయారు.

దర్శనమయ్యాక వెలి వీధుల్లో తిరిగాము. ఒకప్పుడు ఇక్కడ నాయకరాజుల కోట గోడ ఉండేది. దాని 72 బురుజులను 72 మంది పాళెగాళ్ళకు అప్పగించారని చెబుతారు. అందులో చాలామంది మనలాగా ఇంట్లో తెలుగు మాట్లాడినవాళ్ళే. 1799 అక్టోబరు 16న కయత్తారులో ఇంగ్లీషువాళ్ళు ఉరితీసిన వీరపాండ్య కట్టబొమ్మనదీ తెలుగు వంశమే. ఆ కాలంలో కత్తి, ఈటె, తుపాకి లేకుండా మగవాడు పొలిమేర దాటేవాడు కాదేమో. 1801 డిసెంబరు 1న మద్రాసు గవర్నరు ఎడ్వర్డ్ క్లైవ్ ఆయుధాలు పట్టరాదని ప్రకటన చేశాడు. 1878 ఆయుధ చట్టంతో ఆ కట్టడి దేశమంతటా బిగిసింది. ఆ చట్టంలో తెల్లవాళ్ళకు మాత్రం మినహాయింపు. స్వతంత్రం వచ్చాక, 1959 చట్టం అందరికీ ఒకటే నియమం పెట్టింది. మన ఇళ్ళలో తుపాకులు లేకపోవడం మనం ఎంచుకున్నది మాత్రమే కాదు, ఒకనాడు మననుంచి లాగుకున్నదీ అవును. ఇది చెబితే అల్లుడుగారు, "అమెరికావాళ్ళు భయపడేది అదే మామా! ప్రభుత్వం లాగుకుంటుందనే 1791లో రాజ్యాంగంలో రాసుకున్నారు" అన్నారు. ఆ మాటలో నిజం ఉందని ఒప్పుకున్నాను.

సాయంత్రం గాంధీ మ్యూజియానికి పోయాము. అది రాణి మంగమ్మ వేసవి విడిది అని పేరున్న తముక్కం భవనం. 1959లో నెహ్రూ ప్రారంభించారు. గాంధీగారు చొక్కా, తలపాగా వదిలి కొల్లాయి కట్టింది ఈ మదురైలోనే, 1921 సెప్టెంబరు 22న. 1948 జనవరి 30న కాల్చినప్పుడు ఆయన ఒంటిమీద ఉన్న నెత్తుటి గుడ్డ ముక్క ఈ మ్యూజియంలోనే ఉంది.

మనవడు అద్దానికి ముక్కు ఆనించి చాలాసేపు చూశాడు. "ఆయనకు గార్డు లేడా తాతా?" అన్నాడు. పోలీసులు ఉన్నారనీ, ప్రార్థనకు వచ్చేవాళ్ళను సోదా చెయ్యడానికి మాత్రం ఆయన ఒప్పుకోలేదనీ చెప్పాను. "దాక్కోలేదా?" అన్నాడు. లేదు, చేతులు జోడించి ఎదురు నడిచాడన్నాను. అల్లుడుగారు పక్కనే నిలబడి విన్నారు. ఆయనకు ఇందులో రెండు పాఠాలూ కనబడి ఉంటాయి. సోదా చేసి ఉంటే బతికేవాడని ఒకటి, కాపలావాళ్ళు చుట్టూ ఉన్నా తుపాకి తన పని చేసుకుపోయిందని రెండోది. ఏది తీసుకున్నారో నేను అడగలేదు.

తిరుగు ప్రయాణంలో దిండుగల్లు దాటాక పిల్లవాడు తండ్రి ఒళ్ళో నిద్రపోయాడు. అల్లుడుగారు వాడి తల నిమురుతూ, "వీడికి దాక్కోవడం వచ్చని నాకు తెలుసు మామా. కానీ అడిగిన తీరు ఇట్లుంటుందని తెలియదు" అన్నారు. మా అమ్మాయి ఏమీ అనలేదు.

ఇది రాసేనాటికి వాళ్ళింట్లో తుపాకి లేదు. రేపటి సంగతి నేను హామీ ఇవ్వలేను. దూరాన బిడ్డల్ని పెట్టుకున్న మీ అందరికీ ఈ బెంగ తెలిసే ఉంటుంది. ప్రతి ఆదివారమూ ఫోన్లో మనవణ్ణి చదువు సంగతి అడిగేవాణ్ణి. ఇప్పుడు ఇంకొకటి కూడా అడుగుతున్నాను, ఈ వారం బడిలో ఏమాట ఆడుకున్నావని. వాడు కబడ్డీ నేర్పమని అడిగాడు. వచ్చే సెలవుల్లో నేర్పుతానన్నాను.