లంగరు మర్యాద

పౌర్ణమి వెళ్లిన మరునాడు. సూరత్ నగరానికి పడమట, తాపీ నది సముద్రంలో కలిసే చోటికి కొంత దూరాన, ఒక చిన్న ఫైబరు పడవ లంగరు మీద నిలిచి ఉన్నది. అందులో ఉన్నది ఒక్కడే మనిషి. శ్రీకాకుళం తీరంలోని ఒక మత్స్యకార గ్రామంలో పుట్టి, పొట్టకూటి కోసం సూరత్ చేరి, పద్నాలుగేళ్లుగా మరమగ్గం మీద చీరల బట్ట నేస్తున్నవాడు. అతని ఊరివారు కొందరు ఏటా వెరావల్ రేవుకు వెళ్లి మరపడవల మీద పని చేస్తారు. అతడు మాత్రం వల విడిచి మగ్గం పట్టాడు. అయినా సెలవు దొరికిన నాడు కాళ్లు సముద్రం వైపే లాగుతవి. ఆనాటి పడవ కూడా పరిచయస్థుని వద్ద ఒక పూటకు అడిగి తెచ్చుకున్నదే.

అతడు ఆశించినది నాలుక చేప. అడుగున బురదలో బల్లపరుపుగా ఒదిగి, రెండు కళ్లూ ఒకే వైపున పైకి పెట్టుకుని, ఎర కోసం కాచుకుని ఉండే జాతి అది. దాన్ని పట్టదలచినవాడు పడవను కొట్టుకుపోనివ్వక ఒకచోట నిలిపి, గాలాన్ని అడుగు దాకా దించి, ఓర్పుతో కూర్చోవలసి ఉంటుంది. ఉత్తర పసిఫిక్ సముద్రంలో రెండు వందల కిలోలకు మించి పెరిగే హాలిబట్ కూడా ఈ కోవలోనిదే. అలాస్కాలో దాని కోసం వెళ్లేవారికీ, తాపీ ముఖంలో గాలం వేసేవానికీ మొదటి విద్య ఒకటే: లంగరు వేయడం.

ఆ విద్య తనకు వచ్చుననే అతడు అనుకున్నాడు. చిన్ననాడు తండ్రి నేర్పిన లెక్క మరచిపోలేదు: నీటి లోతుకు ఐదింతల తాడు. ఆటు ముగిసి నీరు నిలకడగా ఉన్న వేళ తాడు దించి చూశాడు. రెండు బారల లోతు. లంగరు వేసి, పది బారల తాడు వదలి, ముందు కొనకు కట్టి, నిశ్చింతగా గాలం దించాడు.

లెక్క తప్పు కాదు. సముద్రం వేరు. విశాఖ తీరాన పెద్ద పోటు నాడు కూడా నీటిమట్టంలో భేదం రెండు మీటర్ల లోపే. ఖంభాత్ సింధుశాఖ అటువంటిది కాదు. లోనికి పోయిన కొద్దీ ఇరుకై, లోతు తగ్గి, గరాటు వలె ఉన్నందున అందులో జొరబడిన పోటు పక్కలకు పోలేక పైకి లేస్తుంది. భావనగర్ వద్ద ఆ భేదం పది మీటర్ల దాకా పోతుంది. సూరత్ తీరాన ఆరు మీటర్ల వరకు ఉంటుంది. అమావాస్యకూ పౌర్ణమికీ తరువాతి ఒకటి రెండు దినాలలో ఆ ఉద్ధృతి మరీ ఎక్కువ. ఆటు పూర్తయిన ఆరు గంటల పైచిలుకు కాలంలో ఇంత నీరూ పైకి రావలసిందే!

నాలుగు గంటలు గడిచేసరికి రెండు బారల నీరు ఐదు బారలకు చేరింది. తాడు మాత్రం పది బారలే. ఐదింతలు రెండింతలైనవి. లంగరు పడవను బరువుతో పట్టి ఉంచదు. దాని గోళ్లు నేలలో నాటుకుని పట్టి ఉంచుతవి. తాడు నేలకు వాలుగా లాగినంత కాలం ఆ గోళ్లు మరింత లోతుకు దిగుతవి. తాడు నిలువుగా లేచిందంటే అవే గోళ్లు పెకలివస్తవి. అతడు గాలం మీద దృష్టి పెట్టి కూర్చున్నాడు. పడవ కదులుతున్నదని గ్రహించేసరికి అది చాలా దూరం జరిగిపోయింది.

ఆ దారిలో గుంజలు పాతి కట్టిన సంచి వలలు వరుసగా ఉన్నవి. ఈ తీరంలో వాటిని డోల్ వలలు అంటారు. నీటి వేగమే వల నోట్లోకి చేపను తెచ్చిపెడుతుంది. జారిపోతున్న లంగరు అందులో ఒక వలకు తగులుకున్నది. పడవ ఒక్క కుదుపుతో ఆగింది. అతనికి గుండె జారింది. ఇంజను బలంతో లాగితే ఊడివస్తుందనుకుని, ముందు కొనన ఉన్న తాడును విప్పి వెనుకకు తెచ్చి కట్టబోయాడు.

"వెనుక కట్టకు! తాడు వదిలెయ్ బేటా, వదిలెయ్!" అని దూరం నుండి ఒక కేక వినిపించింది.

ఆ కేక ఒక్క క్షణం ఆలస్యమైతే ఈ కథ చెప్పడానికి ఆ మనిషి మిగిలి ఉండేవాడు కాడేమో. పడవకు ముందు భాగం ఎత్తుగా, నీటిని చీల్చేటట్లు ఉంటుంది. వెనుక భాగం ఇంజను బరువుతో కిందికి ఒంగి ఉంటుంది. అక్కడ తాడు కట్టి ప్రవాహానికి ఎదురుగా బిగిస్తే, పోటు నీరు వెనుక అంచు మీదుగా లోనికి దూకి పడవను నిమిషాలలో ముంచుతుంది. అప్పటికే నీరు అతని మడమలను తాకింది. అతడు తాడు వదిలాడు. పడవ ఒక్కసారి పైకి లేచి తేలింది.

కేక వేసినవాడు ఆ వల యజమానియే, ఒక వృద్ధ తండేలు. పడవ నడిపే పెద్దను శ్రీకాకుళం తీరంలోనూ తండేలనే అంటారు. తూర్పు సముద్రానికీ పడమటి సముద్రానికీ నడుమ ఆ ఒక్క మాట పొత్తు. వృద్ధుడు తన పడవను దగ్గరకు తెచ్చి, జారిపోతున్న తాడు కొసను కొక్కెంతో అందుకుని, దానికి ఒక ఖాళీ డబ్బా కట్టి నీటిలో వదిలాడు. "పోటు నిలిచే దాకా ఆగుదాం. అప్పుడు లంగరు తనంత తాను వస్తుంది. ఇప్పుడు లాగితే వల చిరుగుతుంది, నువ్వు మునుగుతావు," అన్నాడు.

పోటు నిలిచిన వేళ ఇద్దరూ కలిసి లంగరును పైకి తీశారు. దానితో పాటు నాలుగు బారల మేర చిరిగిన వల కూడా వచ్చింది. అతడు సిగ్గుతో తల వంచుకుని, "కాకా, ఎంత ఇమ్మంటే అంత ఇస్తాను," అన్నాడు. వృద్ధుడు అతని చేతుల వంక చూశాడు. "ఏం పని చేస్తావు?" అని అడిగాడు. మగ్గం పని అని, పుట్టింది జాలరి ఇంట అని అతడు చెప్పాడు. "అయితే డబ్బు ఎందుకు? కూర్చుని వల అల్లు," అన్నాడు వృద్ధుడు.

ఆ సాయంకాలం ఒడ్డున ఇసుకలో ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని చిరిగిన కన్నులు ఒక్కొక్కటే ముడి వేశారు. చేతులు పని చేస్తుండగా వృద్ధుడు తన లెక్కలు చెప్పాడు. తాడు పొడవును ఇప్పటి నీటిని చూసి నిర్ణయించరాదు, రాబోయే నీటిని చూసి నిర్ణయించాలి. లంగరు పక్కన కొంత గొలుసు ఉంటే తాడు నేలకు వాలుతుంది. తాడు కొసకు ఎప్పుడూ ఒక డబ్బా కట్టి ఉంచాలి. పెద్ద చేప పడినా, పెద్ద ఓడ ఎదురు వచ్చినా, క్షణంలో వదలి పోయి, మళ్లీ వచ్చి తెచ్చుకోవచ్చు. అలాస్కా పడవలవారిదీ ఇదే పద్ధతి అని ఆ వృద్ధునికి తెలియదు. సముద్రం అందరికీ ఒకే పాఠం చెబుతుంది కాబోలు.

"మరొక మాట," అన్నాడు వృద్ధుడు. "ముందు వచ్చినవానిదే చోటు. తరువాత వచ్చినవాడు అతని పడవ ఆటుకు ఎటు తిరుగుతుందో, పోటుకు ఎటు తిరుగుతుందో చూసి, ఆ చుట్టు వదలి నిలవాలి. ఒకరి వలకు ఎగువన లంగరు వేయడం, ఒకరి గుమ్మంలో మంచం వేసుకోవడం వంటిది."

ఆ వృద్ధుని మాటలకూ ప్రపంచ నౌకలన్నిటికీ వర్తించే చట్టానికీ ఎడం లేదు. 1972లో కుదిరి 1977లో అమలుకు వచ్చిన అంతర్జాతీయ నిబంధనలు, ఇరుకైన దారిలో వీలైనంత వరకు లంగరు వేయరాదంటున్నవి. లంగరు వేసిన నౌక పగలు ముందు భాగాన ఒక నల్లని గుండును, రాత్రి నలువైపులకూ కనిపించే తెల్లని దీపాన్ని చూపాలంటున్నవి. 'నేనిక్కడ ఉన్నాను, నన్ను చూసుకుని సాగిపోండి' అని చెప్పడమే ఆ గుండుకూ ఆ దీపానికీ అర్థం.

వారు కూర్చున్న ఒడ్డుకు ఉత్తరాన, హజీరా దాటితే సువాలి తీరం వస్తుంది. తాపీ ముఖంలో ఇసుక మేటలు పెరిగి, పెద్ద ఓడలు సూరత్ దాకా పోలేని కాలంలో, అవి సువాలి వద్ద లంగరు వేసేవి. బయట ఒక ఇసుక దిబ్బ అడ్డుగా ఉండి, లోపల నీటికి రక్షణ ఇచ్చేది. 1612 నవంబరులో థామస్ బెస్ట్ అనే ఆంగ్ల కెప్టెన్ 'రెడ్ డ్రాగన్', 'హోసియాండర్' అనే రెండే ఓడలతో అక్కడ నాలుగు పెద్ద పోర్చుగీసు యుద్ధనౌకలను ఎదుర్కొన్నాడు. ఆ పోరులో పోర్చుగీసు నౌకలు మూడు తీరపు మేటలలో చిక్కుకుపోయి, తరువాత ఎలాగో బయటపడినవి. ఫిరంగులు ఎన్ని ఉన్నా, కింద ఉన్న నేలను, పైకి వచ్చే నీటిని ఎరగనివారికి ఆ సముద్రంలో చోటు కష్టమే.

చీకటి పడే వేళకు వల పూర్తయింది. వృద్ధుడు దానిని చేత్తో లాగి చూసి, తల ఊపి, భుజాన వేసుకుని ఇంటికి పోయాడు. క్షమించానని అనలేదు. అనవలసిన అవసరమూ లేకపోయింది.

తరువాత కూడా ఆ మగ్గం పనివాడు సెలవు నాడు సముద్రానికి పోతూనే ఉన్నాడు. ఇప్పుడు అతని పడవలో ఇరవై అయిదు బారల పైన తాడు, కొంత గొలుసు, కొసన ఎర్ర రంగు పూసిన ఒక డబ్బా ఉంటవి. లంగరు దించే ముందు నాలుగు దిక్కులూ కలయజూస్తాడు. ఎవరి వల ఎక్కడున్నది, ఎవరి పడవ ఎటు తిరుగుతుంది, ఆనాటి తిథి ఏమి అని ఆలోచిస్తాడు. ఆ తరువాతనే గాలం.

నీటి మీద ఎవరికీ సొంత చోటు లేదు. లంగరు వేసినవాడు ఆ పూటకు అతిథి మాత్రమే. గట్టిగా నిలబడడమూ, అవసరమైనప్పుడు వదలి పక్కకు తొలగడమూ, రెండూ తెలిసినవాని పడవే క్షేమంగా ఒడ్డు చేరుతుంది.