తంగేడు పువ్వు రంగు వజ్రం

మా ఇంట్లో బంగారం గురించి అందరికీ అన్నీ తెలుసు. వజ్రం గురించి ఎవరికీ ఏమీ తెలీదు. తులం రేటు ఈరోజు ఎంతో మా నాన్న ఫోన్ చూడకుండానే చెప్తాడు. తరుగు ఎంత వేశారు, మజూరీ ఎంత వేశారు అని అమ్మ బిల్లు మీద వేలు పెట్టి మరీ అడుగుతుంది. నానమ్మ అయితే గొలుసు అరచేతిలో పెట్టుకొని బరువు చెప్పేస్తుంది, ఒక గ్రాము అటూ ఇటూగా. అలాంటి ఇంట్లోకి ఈ సంవత్సరం మా అక్క నిశ్చితార్థం పుణ్యమా అని ఒక వజ్రం వచ్చింది. అదీ తెల్లది కాదు, పసుపు రంగుది.

మాది నాచారం. నాన్న ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక చిన్న షాపులో లేత్ మెషిన్ మీద పని చేస్తాడు. అక్క ఉప్పల్‌లో రెండేళ్లుగా జాబ్ చేస్తోంది. బావ కూడా అదే ఆఫీసు. రెండు ఇళ్లవాళ్లూ మాట్లాడుకొని ఖాయం చేశారు. మా వైపు అమ్మాయి ఉంగరం అబ్బాయి వాళ్లు తెస్తారు, అబ్బాయి ఉంగరం మేం పెట్టాలి. మామూలుగా అయితే కాబోయే అత్తగారే వెళ్లి కొనేస్తారు, కోడల్ని అడిగేది వేలి సైజు ఒక్కటే. బావ మాత్రం "లక్షా ఇరవై వేల దాకా పర్లేదు, నీకు నచ్చిందే తీసుకో" అన్నాడు. అక్క వెంటనే "నాకు ఎల్లో డైమండ్ కావాలి" అంది. ఎప్పట్నుంచో మనసులో పెట్టుకున్నట్టుంది.

మొదటి గొడవ భాషతోనే వచ్చింది. నాన్న వెళ్లి నానమ్మకి "పచ్చ వజ్రం తీసుకుంటదంట" అని చెప్పాడు. నానమ్మ "పచ్చనా? పచ్చంటే పచ్చనే గద, వజ్రమెట్లయితది?" అంది. ఆలోచిస్తే నానమ్మ పాయింట్ కరెక్టే. నవరత్నాల్లో పచ్చ అంటే మరకతం. పైగా తెలుగులో పచ్చ అన్న ఒక్క మాటే ఆకుకీ వాడతాం, పసుపుకీ వాడతాం. ఆకుపచ్చ, పసుపుపచ్చ అని విడదీస్తే తప్ప తెలీదు. అక్క ఫోన్‌లో ఫొటో చూపించింది. నానమ్మ కళ్లద్దాలు సర్దుకొని చూసి, "వజ్రమంటే నీళ్ల లెక్క ఉండాలె బిడ్డా. గిది పాతబడ్డట్టున్నది" అంది. బావ వాళ్ల అమ్మ కూడా ఫోన్‌లో దాదాపు ఇదే మాట, కాకపోతే మర్యాదగా అన్నారు. "తెల్లగా లేకపోతే తక్కువ రకం పెట్టామని చుట్టాలు అనుకుంటారేమో అమ్మా."

ఆ మాట దగ్గరే నాకు ఇంట్రెస్ట్ పుట్టింది. ఎందుకంటే వాళ్లిద్దరూ అన్నది సగం నిజం. తెల్ల వజ్రాల రంగుకి డీ నుంచి జెడ్ దాకా గ్రేడ్లుంటాయి. డీ అంటే అస్సలు రంగు లేనిది. అక్షరం ముందుకు వెళ్లేకొద్దీ లేత పసుపు ఛాయ పెరుగుతుంది, ధర తగ్గుతుంది. అయితే జెడ్ కూడా దాటేసి ఇంకా పసుపుగా ఉంటే దానికి వేరే స్కేల్ మొదలవుతుంది. ఫ్యాన్సీ లైట్, ఫ్యాన్సీ, ఫ్యాన్సీ ఇంటెన్స్, ఫ్యాన్సీ వివిడ్ అని పోతుంది. అక్కడ రంగు చిక్కబడేకొద్దీ ధర పెరుగుతుంది! మన సీఎస్ వాళ్లకి అర్థమయ్యేలా చెప్పాలంటే మధ్యలో ఒక ఇఫ్ కండిషన్ ఉంది, దాని తర్వాత మైనస్ కాస్తా ప్లస్ అయిపోతుంది. రెండు చోట్లా కారణం ఒకటే, కార్బన్ మధ్యలో చేరిన నైట్రోజన్. కొంచెం ఉంటే లోపం, బాగా కనిపిస్తే అందం. ఇంకో తమాషా ఏంటంటే, తెల్ల వజ్రం గ్రేడ్ చూసేటప్పుడు రాయిని బోర్లా పెట్టి చూస్తారు, మెరుపు అడ్డు రాకుండా రంగు దొరకాలని. రంగు వజ్రాన్ని మాత్రం ముఖం వైపు నుంచే చూస్తారు. అంటే ఒకదాంట్లో రంగు కోసం వెతికి తప్పు పడతారు, ఇంకోదాంట్లో అదే రంగుని చూసి మెచ్చుకుంటారు.

మిగతా రంగుల కథలూ ఇలాంటివే. బోరాన్ చాలా కొద్దిగా చేరినా వజ్రం నీలంగా మారుతుంది. భూమిలో సహజంగా ఉండే రేడియేషన్ తగిలితే ఆకుపచ్చ వస్తుంది. గులాబీ రంగుకి వేరే పదార్థం ఏదీ చేరక్కర్లేదు, లోపల ఒత్తిడికి అణువుల వరసలు కాస్త ఒరిగిపోతే చాలు. ఆస్ట్రేలియాలో గులాబీ వజ్రాలకి పేరుపడ్డ ఆర్గైల్ గని 2020లో మూతపడింది కాబట్టి అవి మనలాంటి వాళ్ల లెక్కలోకి రావు. నీలం, ఆకుపచ్చ, గులాబీ రంగుల కంటే పసుపు రంగు వజ్రాలే ఎక్కువ దొరుకుతాయి.

ఇదంతా ఎక్కడో విదేశాల సంగతి అనుకోకండి. ఉప్పల్‌లో మెట్రో ఎక్కితే స్టేడియం తర్వాత వచ్చేది ఎన్‌జీఆర్‌ఐ స్టేషన్. ఆ పేరు రోజూ వింటాం, దిగే పని ఉండదు. 1961లో మొదలైన ఆ సంస్థ శాస్త్రవేత్తలు అనంతపురం వైపు వజ్రకరూరులో, మన నారాయణపేటలో ఉన్న కింబర్లైట్ రాళ్ల మీద పరిశోధన చేశారు. 150 కిలోమీటర్ల కంటే ఎక్కువ లోతు నుంచి వజ్రాల్ని పైకి మోసుకొచ్చే రాయి అది. 1720ల్లో బ్రెజిల్‌లో గనులు దొరికే దాకా ప్రపంచానికి వజ్రాలు దాదాపుగా మన దేశం నుంచే వెళ్లాయి. గోల్కొండ అమ్మకాల కేంద్రం మాత్రమే, తవ్వింది కృష్ణా తీరంలో. ఇప్పుడు వాషింగ్టన్ మ్యూజియంలో ఉన్న హోప్ వజ్రం 45.52 క్యారెట్లు, రంగు నీలం. అది కొల్లూరు గనిదని చెప్తారు. నిజాం దగ్గరున్న ప్రిన్సీ అనే 34.65 క్యారెట్ల గులాబీ వజ్రం 2013లో న్యూయార్క్ వేలంలో సుమారు 3.9 కోట్ల డాలర్లకి అమ్ముడైంది. వజ్రమంటే నీళ్లలాగే ఉండాలి అనే రూల్ మన నేలకైతే లేదు.

ఇవన్నీ చెప్తుంటే నాన్న ఓపిగ్గా విన్నాడు. విని ఒక్కటే అడిగాడు. "రేపు అవసరం పడితే దీన్ని కుదువ పెట్టొచ్చా?"

ఈ ప్రశ్నకి ఒక వెనక కథ ఉంది. నా ఫస్ట్ ఇయర్ ఫీజు అమ్మ గాజుల మీద కట్టారు. ఆ గాజులు ఇంకా రాలేదు, నెలనెలా వడ్డీ కడుతున్నాం. మా ఇంట్లో నగ అంటే ఒంటి మీద ఉండే బ్యాంక్ అకౌంట్. గోల్డ్ లోన్ ఇచ్చేటప్పుడు రాళ్ల బరువు తీసేసి బంగారం వరకే లెక్క కడతారు. వజ్రం ఎంత ఖరీదైనదైనా ఆ తూకంలో సున్నా. తిరిగి అమ్ముదామన్నా కొన్న ధర రాదు. నాన్న లేత్ మీద మిల్లీమీటర్లో వందో వంతు కొలిచే మనిషి. ఆయనకి కావాల్సిన కొలత ఈ ఉంగరంలో లేదు. అందుకే వద్దనలేదు, సరే అనీ అనలేదు.

మేం నాలుగు షాపులు తిరిగాం. ఒక చోట సేల్స్‌మన్ పసుపు రాయి చూపించి "ఫ్యాన్సీ మేడమ్, ఫుల్ నేచురల్" అన్నాడు. అక్క సర్టిఫికెట్ అడిగింది. రాయి నేచురలే, రంగు మాత్రం కాదు, ట్రీట్‌మెంట్‌తో తెచ్చిందని అందులో రాసి ఉంది. అడక్కపోతే ఆ తేడా చెప్పేవాళ్లు కాదు. కాబట్టి మీ ఇంట్లో ఎవరైనా కొంటే సర్టిఫికెట్‌లో రెండు విషయాలు విడివిడిగా చూడండి. రాయి ఎక్కడ పుట్టింది, రంగు ఎక్కడ పుట్టింది.

చివరికి రెండు మిగిలాయి. ఒకటి భూమిలో పుట్టిన 0.40 క్యారెట్ల పసుపు వజ్రం, ఉంగరం మొత్తం 1,12,000. రెండోది ల్యాబ్‌లో పెంచిన 0.70 క్యారెట్లది, మొత్తం 52,000. ల్యాబ్ వజ్రం అంటే గాజు ముక్క కాదు. అదీ కార్బనే, అదే స్ఫటిక నిర్మాణం. విపరీతమైన వేడి, ఒత్తిడిలో పెంచేటప్పుడు గాల్లోని నైట్రోజన్ కలిసిపోయి పసుపు రంగు ఈజీగా వస్తుంది. రంగు లేకుండా పెంచడమే కష్టం. 2023 బడ్జెట్‌లో ల్యాబ్ వజ్రాల పరిశోధనకి ఒక ఐఐటీకి ఐదేళ్ల గ్రాంట్ ప్రకటించారు, తర్వాత అది ఐఐటీ మద్రాస్‌కి వచ్చింది. అంటే మనలాంటి స్టూడెంట్సే రేపు వజ్రాలు పెంచుతారన్నమాట. కాకపోతే వీటి ధరలు కొన్నేళ్లుగా బాగా పడిపోతున్నాయి, తిరిగి అమ్మితే ఏదో వస్తుందన్న ఆశ పెట్టుకోకూడదు.

బావ మొదటిదే తీసుకోమన్నాడు. "డబ్బులు నావి, నువ్వెందుకు ఆలోచిస్తున్నావ్?" అన్నాడు. ఆ రాత్రి టెర్రస్ మీద అక్క నాతో అన్నది మాత్రం ఇది. "అమ్మ గాజులు అక్కడ వడ్డీలో ఉన్నాయి. నేను లక్ష రూపాయల రాయి పెట్టుకొని ఇంటికి వస్తే అమ్మ ఏమీ అనదు. అనకపోవడమే నాకు కష్టం."

అలా ల్యాబ్‌ది ఖాయమైంది. మిగిలిన డబ్బు బావ దగ్గరే ఉంది, పెళ్లయ్యాక కొత్త ఇంటి అడ్వాన్స్‌కి. "ఎవరికీ చెప్పక్కర్లేదు, చూస్తే ఎవరికి తెలుస్తుంది?" అన్నాడు బావ. అక్క ఒప్పుకోలేదు. కాబోయే అత్తగారికి తనే ఫోన్ చేసి ఇది ల్యాబ్‌లో పెంచిందని, ఎందుకు తీసుకుందో, ఎంత అయిందో మొత్తం చెప్పింది. నేను పక్కనే కూర్చున్నాను. అవతల కాసేపు మాట లేదు. తర్వాత ఆవిడ అడిగింది ఒక్కటే. "రంగు పోదు కదా అమ్మా?" పోదు, అది పూత కాదు, రాయి లోపలే ఉంది అని అక్క చెప్పింది. "అయితే సరే. నీ వేలికి కదా" అన్నారు. ఈ మొత్తం కథలో నాకు అన్నిటికంటే పెద్ద మాట అదే అనిపించింది.

ఇక పొదగడం. ఇక్కడ నాన్న ముందుకొచ్చాడు, ఎందుకంటే ఇది మెటల్ విషయం. 22 క్యారెట్ల బంగారం మెత్తన, రాయిని గట్టిగా పట్టదు. అందుకే వజ్రాలకి ఎక్కువగా 18 క్యారెట్లు వాడతారు, అంటే 75 శాతం బంగారం. (బంగారం క్యారెట్ స్వచ్ఛత, వజ్రం క్యారెట్ బరువు, 0.2 గ్రాములు. రెండిటికీ ఒకే పేరు పెట్టినవాళ్లకి దండం.) షాపువాళ్లు తెల్ల బంగారంలో, నాలుగు కొక్కేలు రాయిని పట్టుకునే డిజైన్ చూపించారు. రాయి పైకి లేచి బాగానే ఉంది, కానీ తెల్ల లోహం పక్కన పసుపు వెలవెలబోయింది. అదే రాయిని పచ్చ బంగారం మీద పెట్టగానే రంగు చిక్కబడినట్టు కనిపించింది. మన పాత కుందన్ పనివాళ్లకి ఈ కిటుకు ఎప్పుడో తెలుసు. రాయి వెనక మెరిసే రేకు పెట్టి మూసేసి, ఆ వెలుగుని రాయిలోంచి చూపించేవాళ్లు. రాయి కోత కూడా ముఖ్యమే. గుండ్రటి కోత తెల్లటి మెరుపు కోసం, చతురస్రంగా ఉండే కుషన్, రేడియంట్ కోతలు రంగుని ఎక్కువ నిలుపుతాయి. అక్క కుషన్ తీసుకుంది. నాన్న మాత్రం రాయి చుట్టూ గట్టులా బంగారం ఉండే బెజెల్ పెట్టించమన్నాడు. "కొక్కెం ఒక్కటి వంగితే రాయి పోతది. చుట్టూ పట్టుకుంటే ఎటు పోతది?" రోజంతా కీబోర్డ్ మీద, సాయంత్రం బస్సు కడ్డీ మీద ఉండే చెయ్యి కదా. బిల్లులో రాయికి ఎంత, బంగారానికి ఎంత విడిగా రాయించాడు. ఉంగరం లోపల హాల్‌మార్క్‌తో పాటు ఉండే ఆరు అక్షరాల హెచ్‌యూఐడీ నంబర్ కూడా చూసుకున్నాడు. అది 2023 ఏప్రిల్ నుంచి తప్పనిసరి.

నాన్న ప్రశ్నకి జవాబు ఇప్పటికీ "లేదు" అనే. ఈ ఉంగరం ఏ కష్టానికీ అక్కరకు రాదు. మా ఇంటికి వచ్చిన నగల్లో అలాంటిది ఇదే మొదటిది. బహుశా అందుకే అక్క దానికి అంత తక్కువ ఖర్చు పెట్టాలనుకుంది, అంత పట్టుదలగా తనకి నచ్చిన రంగే తెచ్చుకుంది. కష్టానికి పనికొచ్చేవి కష్టం కోసం దాచుకోవాలి. నచ్చి కొనుక్కునేది నచ్చినట్టే ఉండాలి. రెండిటినీ ఒకే నగలో వెతికితే రెండూ దొరకవేమో.

నానమ్మ మాత్రం పేరు సమస్య తీర్చేసింది. ఎల్లో డైమండ్‌ని తెలుగులో ఏమనాలని మేమంతా బుర్రలు పట్టుకుంటే, ఇప్పుడు ఇంటికొచ్చిన వాళ్లందరికీ ఆమె చెప్పేది ఇదే. "మా పిల్లది తంగేడు పువ్వు వజ్రం."