"అలవాటైపోయింది మేడమ్"



పోయిన పేరెంట్స్ మీటింగ్‌లో ఒక నాన్నగారు నా ముందు కూర్చున్న పది నిమిషాల్లో నాలుగుసార్లు ఫోన్ చూసుకున్నారు. భీమవరం వైపు రొయ్యల చెరువులున్నాయట. తెల్లవారుజామున చెరువు నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. ఆ టైములో కరెంటు పోయి ఏరియేటర్లు ఆగాయంటే పంట పోయినట్టే. అందుకని రోజూ మూడింటికే మెలకువ వచ్చేస్తుందన్నారు. ఎన్నాళ్ల నుంచండీ అంటే, "ఐదేళ్లయింది, అలవాటైపోయింది మేడమ్" అన్నారు. వాళ్లబ్బాయికి స్లిప్ టెస్ట్ ఉన్న రోజు పొద్దున్నే కడుపునొప్పి. డాక్టరుగారు పరీక్షించి ఏమీ లేదన్నారట. "వాడికీ అలవాటేలెండి" అని నవ్వేశారు. (ఆయన సరేనన్నాకే ఇది రాస్తున్నాను.)

ఆ 'అలవాటు' అనే మాట గురించే మీతో మాట్లాడాలని ఉంది. స్ట్రెస్ మీద పరిశోధనకు దారి వేసిన హాన్స్ సెల్యే 1936లో నేచర్ పత్రికలో ఒక చిన్న వ్యాసం రాశారు. ఎలుకల్ని చలిలో ఉంచినా, మితిమీరి శ్రమ పెట్టినా, మందులిచ్చినా వాటి ఒంట్లో వచ్చిన మార్పులు మాత్రం ఒకేలా ఉన్నాయి. మూత్రపిండాల మీదుండే అడ్రినల్ గ్రంథులు ఉబ్బాయి, కడుపులో పుండ్లు పడ్డాయి. ఒత్తిడి సాగేకొద్దీ శరీరం మూడు దశలు దాటుతుందని ఆయన చెప్పారు. మొదట ఉలిక్కిపడుతుంది, తర్వాత తట్టుకుంటుంది, చివరికి చేతులెత్తేస్తుంది. మనల్ని మోసం చేసేది ఆ మధ్య దశ. పైకి అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. పిల్లాడు బస్సెక్కుతాడు, హోంవర్క్ చేస్తాడు, మార్కులూ వస్తాయి. లోపల మాత్రం ఖర్చు అవుతూనే ఉంటుంది. మనం అలవాటు అంటున్నది దాన్నే.

అసలు టెన్షనే ఉండకూడదని కాదు. పరీక్షకి ముందు గుండె దడదడలాడితే మంచిదే, ఒళ్లు దగ్గర పెట్టుకుని రాస్తారు. అడ్రినలిన్, కార్టిసాల్ అనే హార్మోన్లు అప్పుడు పెరిగి, పని అయ్యాక మళ్లీ తగ్గాలి. తగ్గకపోతేనే చిక్కు. డెల్టాలో పుట్టిన మనకి ఇది ఒకరు చెప్పాలా? చేలో నీళ్లు నిలిస్తే, రెండు రోజుల్లో లాగేసిన చోట వరి తేరుకుంటుంది. పదిరోజులు ముంపులో ఉంటే కుళ్లిపోతుంది. అందుకే పంట కాలువ ఎంత ముఖ్యమో మురుగు కాలువలో పూడిక తీయించడం అంత ముఖ్యం. మన ఇళ్లలో చూస్తే అన్నీ పంట కాలువలే. స్కూలు, స్టడీ అవర్, ట్యూషన్, ఆదివారం ఒలింపియాడ్ క్లాసు. నీళ్లు బయటికి పోయే దారి ఏదండీ?

నిద్ర ఆ దారుల్లో పెద్దది. ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకి రోజుకి 9 నుంచి 12 గంటలు, ఆపైన పద్దెనిమిది దాకా 8 నుంచి 10 గంటలు కావాలని నిద్ర వైద్యులు చెబుతారు. మా క్లాసులో ఎన్నింటికి పడుకుంటున్నారని అడిగితే, ఎక్కువ చేతులు పదకొండు దగ్గర లేచాయి. బస్సేమో ఏడుంపావుకి వచ్చేస్తుంది. పగలు చదివింది మెదడులో కుదురుకునేది నిద్రలోనే. కార్టిసాల్ ఎక్కువకాలం ఎక్కువగా ఉంటే జ్ఞాపకానికి కీలకమైన హిప్పోక్యాంపస్ దెబ్బతింటుంది. "నిన్న రాత్రి అప్పజెప్పాడు మేడమ్, పొద్దున్నకి మర్చిపోయాడు" అని మీరు నాతో అనేటప్పుడు, రాత్రి ఎన్నింటికి అప్పజెప్పాడన్నది కూడా చూడండి.

టెస్టులు పెట్టేది మీరే కదా అని మీరు అనవచ్చు. నిజమే. ఆ మాట దాటవేయను. మార్కులు నాలుగింటికల్లా వాట్సాప్‌లో మీకు వచ్చేస్తాయి, పిల్లలు ఇంకా బస్సులోనే ఉంటారు. గుమ్మంలో కాలు పెట్టకముందే "పద్నాలుగేనా?" అన్న ప్రశ్న ఎదురొస్తుంది. వచ్చాక మొదటి అరగంట మార్కుల మాట ఎత్తకండి. మన అమ్మమ్మలు చేసిందే చేయండి. "కాళ్లు కడుక్కుని రా, ఏదన్నా తిందువుగాని" అనండి చాలు. ఆ పద్నాలుగు మార్కులు ఎక్కడికీ పోవు, రాత్రి భోజనం అయ్యాక కూడా పద్నాలుగే ఉంటాయి. కాకపోతే ఏ లెక్క ఎందుకు తప్పిందో అప్పుడైతే వాడే చెబుతాడు.

ఇక మీ సంగతి. వయసులో చిన్నదాన్ని, చెబుతున్నందుకు ఏమీ అనుకోకండి. నెమ్మదిగా, దీర్ఘంగా ఊపిరి వదిలితే గుండె వేగం తగ్గుతుందన్నది నిజం. సాయంత్రం కోటిలింగాల రేవు దాకా నడిచి వస్తే ఆ రాత్రి నిద్ర బాగా పడుతుందన్నదీ నిజమే. కానీ ఊపిరి తీసి వదిలినంత మాత్రాన ఏరియేటర్ తిరగదు, ఈఎంఐ తీరదు. కొన్ని టెన్షన్లకి మందు పని పంచుకోవడమే. అందుకే ఆ నాన్నగారితో, రాత్రి కాపలా మీ బావమరిదిగారితో వంతులు వేసుకోగలరా అని అడిగాను. వారానికి మూడు రాత్రులు ఫోన్ పక్కగదిలో పెట్టి పడుకుంటున్నానని మొన్న చెప్పారు. అబ్బాయి కడుపునొప్పి పూర్తిగా పోలేదు, తగ్గింది.

కడుపునొప్పి, తలనొప్పి, అన్నం సయించకపోవడం, ఊరికే ఏడుపు, ఇష్టమైన ఆట మానేయడం. ఇలాంటివి కనిపిస్తే ముందు డాక్టరుగారికి చూపించండి. ఒంట్లో ఏమీ లేదన్నా రెండు వారాలకి తగ్గకపోతే టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న మొదలుపెట్టిన ఉచిత సేవ ఇది. రాత్రయినా పగలైనా పలుకుతారు, తెలుగులో మాట్లాడవచ్చు. పిల్లలకే కాదు, మీకూ పనికొస్తుంది. చచ్చిపోవాలనిపిస్తోంది లాంటి మాట పిల్లల నోట ఎప్పుడు విన్నా రెండు వారాలు ఆగవద్దు, అదే రోజు చేయండి.

నాతో మాట్లాడాలంటే డైరీలో "ఫోన్ చేయండి" అని ఒక్క మాట రాసి పంపండి, కారణం రాయక్కర్లేదు. మూడున్నర తర్వాత నేనే చేస్తాను.