చుక్కలు మిగిలాయి, ముగ్గు పోయింది

కంప్యూటర్ తెర మీద నాలుగే నాలుగు గీతలు. ఎనిమిది బార్ల పొడవునా, ఒకదాని కింద ఒకటి, రూళ్లకర్రతో గీసినట్టు. అక్కడ ఉండాల్సినవి 128 చిన్న చిన్న నోట్లు. ఫైలు తప్పు తెరిచాననుకుని మూసి మళ్లీ తెరిచాను. అవే నాలుగు గీతలు.

తెలిసిన కుర్రాడొకడు షార్ట్ ఫిల్మ్ తీస్తూ ఆర్.ఆర్., అంటే నేపథ్య సంగీతం, నన్ను చెయ్యమన్నాడు. బస్సు కిటికీ పక్కన అమ్మాయి కూర్చుని ఉండే షాటు, 16 సెకన్లు. టెంపో 120 పెడితే సరిగ్గా ఎనిమిది బార్లు. ఓ రాత్రి నా సింథసైజర్ మీద ఎ మైనర్ సెవెన్త్ నొక్కిపట్టి ఆర్పెజియేటర్ ఆన్ చేశాను. నొక్కిన కార్డులోని స్వరాలను విడదీసి ఒక్కొక్కటిగా పలికించే సదుపాయం అది. హార్ప్ తీగెలు మీటినట్టు అన్న అర్థంలో ఇటాలియన్ వాళ్లు పెట్టిన పేరు. పైకి, కిందికి, దాటు వరుసలు పాడించినట్టు ఎలాగైనా నడిపించొచ్చు. నేను ర్యాండమ్‌లో పెట్టి రెండు ఆక్టేవుల మీద వదిలాను. ఆ పూట యంత్రం ఏ మూడ్‌లో ఉందో, కిటికీ మీద చినుకులు పడ్డట్టే వాయించింది.

కింద తబలా లూపు, పైన బోలెడంత రివర్బ్ వేసి, ఎంపీ3 చేసి వాట్సాప్‌లో పంపాను. సింథ్ ఆడియోను మాత్రం చెరిపేశాను. నోట్ల సమాచారం మిడిగా రికార్డయింది కదా, ఎప్పుడు కావాలంటే అప్పుడు టెంపో, స్వరం మార్చుకోవచ్చన్న ధీమా.

రెండు వారాలకు ఫోను. "అన్నా, ఎడిట్‌లో షాటు 20 సెకన్లయింది. ఆ టింగ్ టింగ్ అదే ఉండాలి, కొంచెం నెమ్మది చెయ్యండి చాలు." ఎనిమిది బార్లు 20 సెకన్లకు సాగాలంటే టెంపో 96. రెండు నిమిషాల పని అని చెప్పి ఫోన్ పెట్టేసి ఫైలు తెరిస్తే, ఇదిగో, ఈ నాలుగు గీతలు.

నా సింథ్ మిడి ద్వారా బయటికి పంపేది నా వేళ్లు ఏ మెట్లు నొక్కాయన్న సంగతి. ఆర్పెజియేటర్ అల్లిన వరస లోపలే పుట్టి లోపలే పలుకుతుంది. చుక్కలు నేను పెట్టాను, ముగ్గు యంత్రం వేసింది, కంప్యూటర్ చుక్కల్ని మాత్రమే దాచింది. ఇందులో వింతేమీ లేదు. జూపిటర్-8, జూనో-60 లాంటి పాత సింథుల్లో ఆర్పెజియేటర్ ఉన్న నాటికి మిడి అన్నదే లేదు. అది వాయిద్యాల్లోకి వచ్చింది 1983లో. పాటను మొయ్యడానికి కాదు, ఏ మెట్టు ఎప్పుడు నొక్కారో, ఎప్పుడు వదిలారో చెప్పడానికి. పదిహేనేళ్లుగా కీబోర్డు వాయిస్తూ నేను చెవికి వినబడేదీ తీగలో వెళ్లేదీ ఒకటేనని అనుకోవడమే వింత.

ఆ కుర్రాడికి నిజం చెప్పలేదు. "ప్రాజెక్ట్ ఫైలు కరప్ట్ అయింది తమ్ముడూ, రెండ్రోజులు ఆగు" అన్నాను. పైగా కోఠీలో గుజరాతీ గల్లీకి వెళ్లి కొత్త ఐదు పిన్నుల మిడి కేబుల్ కొన్నాను. పాతదానికి ఏ రోగమూ లేదు.

మాన్యువల్ అప్పుడు తీశాను. ఆర్పెజియో నోట్లను మిడిలోకి పంపే ఆప్షన్ మెనూలో ఎక్కడో అడుగున ఉంది. అన్ని సింథుల్లోనూ ఉండదట, నాకు అదృష్టం. ఆన్ చేసి కార్డు నొక్కానో లేదో, కందిరీగల తుట్టె కదిపినట్టయింది. సింథ్ పంపిన నోట్లను కంప్యూటర్ తిరిగి సింథ్‌కే పంపుతోంది, అవీ నేనే నొక్కాననుకుని సింథ్ వాటినీ వరసలో కలిపేసుకుంటోంది. పెళ్లి పందిట్లో మైకు స్పీకరు ముందుకెళ్తే కుయ్యిమన్నట్టే. ఎవరో చెప్పగా విన్న మందు, లోకల్ కంట్రోల్ ఆఫ్ చెయ్యడం, వేశాను. తగ్గలేదు. లోకల్ తెంచేది మెట్లకూ లోపలి ధ్వనికీ ఉన్న బంధాన్ని. ఇక్కడ చక్రం తిరుగుతున్నది కంప్యూటర్ మీదుగా. కంప్యూటర్‌లో ఆ ట్రాకు మానిటరింగ్, అంటే వచ్చిన నోట్లను తిరిగి పంపడం, ఆపి, లోకల్ మళ్లీ ఆన్ చేస్తే అన్నీ సద్దుమణిగాయి.

తర్వాతిది క్లాక్. రెండింట్లోనూ 120 అని ఉంటే చాలనుకునేవాణ్ని. రెండు గడియారాల్లో ఒకే టైము పెట్టినంత మాత్రాన అవి కలిసి టిక్కుమనవు. సింథ్ క్లాక్‌ను ఎక్స్‌టర్నల్ చేసి, కంప్యూటర్ పంపే తాళానికి కట్టెయ్యాలి. బీటుకు 24 టిక్కులు, పదహారో వంతు నోటుకు 6. అలా కట్టాక 128 నోట్లూ బుద్ధిగా గళ్లలో కూర్చున్నాయి.

ప్లే నొక్కితే మళ్లీ గందరగోళం! ఆర్పెజియేటర్ ఇంకా ఆన్‌లోనే ఉంది, విడదీసిన నోట్లను మళ్లీ విడదీస్తోంది. పిండిన బట్టను మళ్లీ పిండటం. అది ఆపేశాక గాని రికార్డయింది రికార్డయినట్టు వినబడలేదు.

పద్ధతి చేతికొచ్చింది, పాట రాలేదు. ర్యాండమ్ కదా, ప్రతిసారీ కొత్త వరస. పదకొండు టేకులు చేసి అందులో మంచివి మూడు పంపాను. "బావున్నాయన్నా, కానీ అది కాదు" అన్నాడు. వాడి చెవిని తిట్టుకున్నాను గాని, వాడు చెప్పింది నిజమే.

ఇక మిగిలింది వాట్సాప్‌లోని ఎంపీ3. ఆడియోను మిడిగా మార్చే సదుపాయానికి ఇస్తే తబలా దెబ్బల్ని కూడా స్వరాలుగా రాసిచ్చింది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, వేగం సగానికి తగ్గించి, ఒక్కో నోటూ విని చేత్తో వేసుకున్నాను. ఉన్నవి నాలుగు స్వరాలే, రెండేసి ఆక్టేవులు, అంటే ఎనిమిదింట్లో ఏదో ఒకటి. అయినా రెండు రాత్రులు పట్టింది. చిన్నప్పుడు కేసెట్ వెనక్కి తిప్పుకుంటూ సినిమా పాటలు పట్టుకున్న రోజులు గుర్తొచ్చాయి. ఆ ఓపిక నాలో ఇంకా కొంచెం మిగిలిందని తెలిసి, ఇంత చికాకులోనూ సంతోషించానని దాచడం దేనికి?

126 దొరికాయి. ఏడో బారులో రెండు నోట్లు తబలా గుమ్కీ కింద పడిపోయాయి. స్వరం తెలుస్తోంది, కింది ఆక్టేవా పైదా తేలడం లేదు. రెండింటినీ పైనే వేశాను. సినిమా పూర్తయింది, నలుగురూ చూశారు, కుర్రాడు థాంక్స్ చెప్పాడు. ఆ షాటు వచ్చినప్పుడల్లా నేను ఏడో బారు కోసమే చూస్తాను. మొదటి నోటు సరే. రెండోది కిందిదేమోనని ఇప్పటికీ అనుమానం.