వరుగుల జల్లెడ

గ్రీష్మం ప్రవేశించిందంటే పెద్దపల్లి సీమలో ఎండకు కొదవ ఉండదు. పొరుగున ఉన్న రామగుండంలో ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటిన సంవత్సరాలున్నాయి. ఆ ఎండనే నమ్ముకొని అక్కడి గృహిణులు టమాట, కాకర, మామిడి ముక్కలను వరుగులు చేసి వానకాలానికి దాచుకుంటారు. అయితే ఒక్క గాలిదుమారం చాలు, వారం రోజుల శ్రమ మట్టిపాలు కావడానికి.

అందుకే ఆ పట్టణంలోని ఒక ఇల్లాలు కూరగాయలు ఎండబెట్టే విద్యుద్యంత్రాన్ని అప్పుచేసి కొన్నది. వరుగులు అమ్మి ఆ అప్పు తీర్చాలని ఆమె సంకల్పం. తొలినాడే చిక్కు ఎదురైంది. పళ్ళేల రంధ్రాలు పెద్దవి. ఎండి చిక్కిన ముక్కలు కిందికి జారిపోయాయి. మామిడిరసం నిలువనే లేదు. యంత్రకర్త తాండ్ర నెరుగడు కాబోలు!

కొడుకు జింకుపూత పూసిన ఇనుపజాలి తెచ్చాడు. అత్తగారు వద్దన్నది. పులుపు తగిలితే ఆ పూత కరుగుతుందని ఆమె ఏ గ్రంథంలోనూ చదువలేదు. కళాయి లేని ఇత్తడిగిన్నెలో చింతపులుసు కాచరాదని మాత్రం ఎరుగును. చివరకు వెదురుబద్దలను చక్రాలుగా వంచి, ఉడికించి ఆరవేసిన పలుచని నూలుబట్టను వాటికి బిగించి కుట్టారు. గాలి ఆడకపోతే తేమ నిలిచి బూజు పడుతుంది కనుక నేత పలుచగా ఉండాలి. రసానికి నూనె రాసిన స్టీలు పళ్ళెం సరిపోయింది. వేడిగాలి పైకి పోవడానికి దాని చుట్టూ వేలెడు సందు విడిచారు.

మరునాటి ఉదయం కాకర వరుగు విరిస్తే పటుక్కుమన్నది. తాండ్ర మాత్రం నడుమ పచ్చిగానే ఉన్నది. అత్తగారు దానిని తిరగవేసింది. కోడలు మరికొన్ని బద్దల కోసం మేదరి ఇంటికి బయలుదేరింది.