ఇంటిని కలుపుకొన్న సేవ

మేముండే చైతన్యపురి, పిల్లల చదువు కోసం తరలివచ్చిన కుటుంబాల పేట. నల్గొండ నుంచో ఖమ్మం నుంచో వచ్చి, దిల్‌సుఖ్‌నగర్ శిక్షణాలయాలకు దగ్గరగా రెండు గదులు అద్దెకు తీసుకొంటారు. తల్లి వంటవేళలు, తండ్రి ఉద్యోగం, నానమ్మ నిద్ర అన్నీ ఆ చదువు చుట్టూ సర్దుకొంటాయి. దానినెవరూ వింతగా చూడరు.

అయితే బిడ్డ ఎదుగుదల మందగించినప్పుడు అదే కుటుంబాన్ని గది వెలుపల బల్లపై కూర్చోబెడతారు. మా వీధిలోని ఒక తల్లి తన కుమారునికి మాటలు నేర్పించడానికి వారానికి రెండు గంటలు ఒక కేంద్రానికి తీసుకొనివెళ్లేది. తలుపు వెనుక ఏమి జరిగేదో ఆమెకు తెలియదు. ఇంటికి వస్తే బంధువుల ప్రశ్న ఒక్కటే: "కడుపుతో ఉన్నప్పుడు ఏం చేశావమ్మా?" బిడ్డ స్థితికన్నా ఆ మాటే ఆమెను ఎక్కువగా కుంగదీసింది.

వారానికి 168 గంటలు. నిపుణుని చేతిలో ఉండేవి రెండు. తక్కిన 166 గంటలూ ఇంటివే. అన్నం కలుపుకోవడం, గుండీలు పెట్టుకోవడం, దాహమని చెప్పడం బిడ్డకు అలవడేది ఆ గంటలలోనే.

ఈ సత్యాన్ని మన నగరం ఏనాడో గుర్తించింది. 1984లో సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో ఏర్పడిన జాతీయ మానసిక వికలాంగుల సంస్థ, నేటి జాతీయ మేధో దివ్యాంగుల సాధికారత సంస్థ. దూరప్రాంతాల తల్లిదండ్రులు బిడ్డతో కలిసి కొన్నాళ్లుండి శిక్షణ పొందేందుకు అది కుటీరాలను నెలకొల్పింది. వైకల్యమున్నదన్న కారణంతో బిడ్డను తల్లిదండ్రుల నుంచి వేరుచేయరాదని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం శాసించింది. బిడ్డ మేలుకోసం అవసరమైతే న్యాయస్థానం ఆదేశించాలి.

కుటుంబాన్ని కలుపుకోవడమంటే నిపుణుల బరువును తల్లి నెత్తిన పెట్టడమని పొరబడరాదు. మా వీధి తల్లిని తరువాత మరొక కేంద్రంలో, "మీకు ముందుగా ఏది కావాలి?" అని అడిగారు. మాటలు రావాలని ఆమె అనలేదు. "వాడు రాత్రి నిద్రపోతే చాలు, పొద్దున్నే నేను పనికి పోగలను" అన్నది. నిపుణులు అక్కడి నుంచే ఆరంభించారు. సాయంత్రం బిడ్డను నడకకు తీసుకొనివెళ్లడం తండ్రి వంతు, ఎనిమిదింటికి టీవీ కట్టివేయడం నానమ్మ వంతు అయినాయి. నెలలు గడిచేకొద్దీ బిడ్డకు నిద్ర కుదిరింది, తల్లికి ఊపిరాడింది. మాటల అభ్యాసం ఆ తరువాత సాగింది.

రేపు మీలో కొందరు ఉపాధ్యాయులు, వైద్యులు కావచ్చును. బిడ్డకేమి లోపమని పరీక్షించే ముందు, ఆ ఇంటికేమి కావాలో అడగండి. ఆ ఇంటివారు చెప్పేది చివరిదాకా వినండి.